చవక రైఫిల్ బ్యారెల్ కొన్నాక, తొలి తూటా పేల్చేలోపు చూసుకోవలసినవి

రైఫిల్‌లో అన్నిటికంటే ముందుగా అరిగిపోయే పెద్ద భాగం బ్యారెల్, అంటే గుండు దూసుకెళ్లే గొట్టం. తూటా పేలిన ప్రతిసారీ వెలువడే వేడి వాయువులు ఛాంబర్ (తూటా కూర్చునే గది) ముందున్న ఉక్కును కొద్దికొద్దిగా తినేస్తాయి; కొన్ని వేల తూటాల తరువాత, అంతవరకు రూపాయి బిళ్లంత చోట పడుతూ వచ్చిన గుండ్లు అరచేయంత మేర చెదరడం మొదలవుతుంది. అమెరికాలో లక్ష్యాభ్యాసం చేసేవారికి ఆ దశలో బ్యారెల్ మార్చుకోవడం గ్యారేజీలో ఒక సాయంత్రం పని. 1958లో వచ్చిన శావేజ్ 110 రైఫిల్‌లో బ్యారెల్‌ను ఒక నట్టుతో బిగించే పద్ధతి ఉండడం వల్ల లేత్ అవసరం లేకుండానే దాన్ని మార్చవచ్చు. ఏఆర్-15 తరహా రైఫిళ్లలో ఆ పని ఇంకా తేలిక. అందుకే వీటికి వంద నుంచి రెండు వందల డాలర్ల మధ్య దొరికే బ్యారెళ్లు లెక్కలేనన్ని ఉన్నాయి. పేరున్న మ్యాచ్ (పోటీల స్థాయి) బ్యారెల్ కావాలంటే మూడు, నాలుగు వందల డాలర్లు దాటుతుంది.

ఈ ధరల తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే, చవక బ్యారెల్‌లో ఏది వెతకాలో కూడా తెలుస్తుంది. రెండింటిలోనూ ఉక్కు చాలాసార్లు ఒకే రకానిది. తగ్గేది మనిషి వెచ్చించే సమయం: ఒక రీమర్‌తో (రంధ్రాన్ని కొలతకు కోసే పనిముట్టు) ఎన్ని ఛాంబర్లు కోసిన తరువాత దాన్ని పక్కన పెట్టారు, లోపలి గోడను చేత్తో రుద్ది నునుపు చేశారా లేదా, ప్రతి ముక్కనూ గేజ్ పెట్టి చూశారా లేక యాభైలో ఒకదాన్ని చూసి మిగిలినవి పెట్టెలో సర్దేశారా అన్న చోట ఆ వంద డాలర్లు మిగులుతాయి. చవక బ్యారెల్ కొన్నవారు నిజానికి తనిఖీ చేయని బ్యారెల్ కొన్నట్లు భావించి, ఆ తనిఖీని తామే చేసుకోవాలి. అది కూడా తొలి తూటా పేల్చేలోపే చేసుకోవాలి, ఎందుకంటే ఒకసారి పేల్చిన బ్యారెల్‌ను చాలామంది అమ్మకందార్లు వెనక్కి తీసుకోరు.

నేను కొలవడం నేర్చుకున్నది హైదరాబాదు బాలానగర్‌లో. 1968లో ఏర్పడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ అక్కడే ఉంది. దాని చుట్టూ ఉన్న చిన్న మెషిన్ షాపుల్లో పనిచేసిన ఎవరికైనా గో గేజ్ (సరిపోవలసిన కొలత ముక్క), నో-గో గేజ్ (సరిపోకూడని కొలత ముక్క) అంటే ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. "కంటికి నచ్చిందని పంపకు నాయనా, గేజ్ ఒప్పుకుంటేనే పంపు" అని మా ఫోర్‌మన్ గారు అనేవారు. టెక్సస్ వచ్చిన తరువాత బ్యారెళ్లు చూడడం మొదలుపెట్టినప్పుడు నాకు ఉపయోగపడింది ఆ మాటే.

ముందుగా చట్టం గురించి. అమెరికాలో ఉన్న తెలుగువారిలో చాలామంది హెచ్-1బి మీదనో, ఎఫ్-1 మీదనో ఉన్నారు. ఇవి తాత్కాలిక వీసాలు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఈ వీసాల మీద ఉన్నవారు తుపాకీని గాని తూటాను గాని దగ్గర ఉంచుకోవడం సమాఖ్య చట్టం ప్రకారం నేరం, అది వలస హోదాకే ముప్పు తెస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. రైఫిల్ బ్యారెల్ పొడవు 16 అంగుళాలకు తగ్గితే 1934 నాటి చట్టం కింద వేరే నమోదు కావాలి. ఆ పొడవును మూసిన బోల్టు (ఛాంబర్‌ను వెనుక నుంచి మూసే భాగం) ముఖం నుంచి గొట్టం మూతి వరకు కొలుస్తారు. రాష్ట్రాల నియమాలు వేరువేరుగా ఉంటాయి కనుక కొనే ముందు మీ రాష్ట్రంలో సంగతి తెలుసుకోండి. ఇంకొక మాట కూడా గట్టిగా చెప్పాలి. ఊరికి వెళ్లేటప్పుడు బ్యారెల్‌ను "ఇనుప ముక్కే కదా" అని సామానులో పెట్టకండి. అమెరికా నుంచి దాన్ని బయటికి తీసుకుపోవడానికి ఎగుమతి నియంత్రణలు ఉన్నాయి. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం తుపాకీ భాగాలను కూడా ఆయుధాలుగానే పరిగణిస్తుంది.

పెట్టె మీద రాసిన మాటలు

ప్రకటనలో కనిపించే మాటల్లో కొన్నింటికి అర్థం ఉంది, కొన్నింటికి లేదు. "మ్యాచ్ గ్రేడ్" అన్న మాటకు అందరూ ఒప్పుకున్న ప్రమాణమంటూ ఏదీ లేదు. తయారీదారు ఎలా అనుకుంటే అలా రాసుకోవచ్చు. "సబ్ ఎం.ఓ.ఏ. హామీ" అన్నప్పుడు దాని కింద చిన్న అక్షరాల్లో మూడు గుండ్లకా, అయిదు గుండ్లకా, ఏ రకం తూటాతో అన్న షరతు ఉంటుంది, అది చదవండి. ఎం.ఓ.ఏ. అన్నది గుండ్లు ఎంత చెదిరాయో చెప్పే కోణపు కొలత, సబ్ అంటే అంతకు లోపు; వంద గజాల దూరంలో అది 1.047 అంగుళాలు, వాడుకలో ఒక అంగుళం అనుకోవచ్చు.

ఉక్కు విషయంలో మీకు మూడు పేర్లు ఎదురవుతాయి. 4140, 4150 అనేవి క్రోమ్-మాలిబ్డినమ్ ఉక్కులు. చివరి రెండంకెలు కార్బన్ శాతాన్ని చెబుతాయి, 0.40, 0.50 అని. సైనిక ప్రమాణంలో 4150 తరగతి ఉక్కు ఉండడం వల్ల దానికి పేరు వచ్చింది గాని, ఆ తేడా బయటపడేది ఎడతెరిపి లేకుండా కాల్చి గొట్టాన్ని ఎర్రగా కాగబెట్టినప్పుడు. వారానికి వంద తూటాలు తాపీగా కాల్చుకునేవారికి 4140 చాలు. మూడవది 416ఆర్ స్టెయిన్‌లెస్. కోతకు చక్కగా లొంగుతుంది కనుక కచ్చితత్వం కోరేవారు దీన్ని ఎంచుకుంటారు. లోపలి రక్షణ విషయానికొస్తే, క్రోమ్ పూత వేడిని బాగా తట్టుకుంటుంది గాని పూత మందం అంతటా సమంగా లేకపోతే గుండు దారి చెడుతుంది. నైట్రైడింగ్ అనేది పూత కాదు, ఉక్కు పైపొరనే గట్టిపరిచే ప్రక్రియ కనుక కొలతలు దాదాపు మారవు. నా డబ్బుతో కొనేటప్పుడు, రెండు వందల లోపు ధరలో నేను నైట్రైడ్ చేసిన 4150నో, పూత లేని 416ఆర్‌నో చూస్తాను. ఆ ధరలో సమంగా పడిన క్రోమ్ పూత దొరకడం ఎక్కువగా అదృష్టం మీద ఆధారపడుతుంది.

రైఫ్లింగ్ గాడులు (గుండును తిప్పే మెలిక కాలువలు) చేసే పద్ధతులు కూడా ప్రకటనల్లో గట్టిగా వినిపిస్తాయి. ఒక్కొక్క గాడిని కోసి తీసే పద్ధతి నెమ్మది, ఖరీదు. విస్కాన్సిన్‌లోని క్రీగర్, బార్ట్‌లైన్ సంస్థలు ఆ పద్ధతికి పేరుపడ్డాయి. గాడుల ఆకారం చెక్కిన గట్టి కార్బైడ్ ముక్కను, అంటే బటన్‌ను, రంధ్రంలోంచి లాగి గాడులను నొక్కే పద్ధతి చవకైనది, చవక బ్యారెళ్లలో ఎక్కువ భాగం దానితోనే చేస్తారు. అలాగని దాన్ని తక్కువ చేయకూడదు. టెక్సస్ ఎన్నిస్‌లోని షైలెన్ బటన్ పద్ధతిలోనే పోటీల్లో గెలిచే బ్యారెళ్లు చేస్తుంది. బటన్ పద్ధతిలో ఉక్కు లోపల ఒత్తిడి మిగిలిపోతుంది. వేడి చేసి దాన్ని తీసేయడానికి కొలిమి, సమయం కావాలి. ఆ మెట్టు సరిగా ఎక్కని బ్యారెల్ చల్లగా ఉన్నప్పుడు ఒకచోట, వేడెక్కాక ఇంకొకచోట కొడుతుంది. కంటితో చూసి దీన్ని పట్టుకోలేము, కాల్చి చూడాల్సిందే. దాని సంగతి చివర చెబుతాను.

బ్యారెల్ మీద చెక్కిన గుర్తులు తప్పక చదవండి. ఛాంబర్ పేరు (ఏ తూటాకు కోసినదో), మెలిక వేగం (గాడులు ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయో) ఉండాలి. ఎం.పి. అని ఉంటే అయస్కాంత కణాలతో పగుళ్ల కోసం పరీక్షించారని, హెచ్.పి. అని ఉంటే అధిక పీడనపు తూటాతో పరీక్షించారని అర్థం. ప్రతి ముక్కనూ పరీక్షించారా లేక బ్యాచ్‌కు ఒకటి చొప్పునా అన్నది అమ్మకందారునే అడగాలి. .223 రెమింగ్టన్, 5.56 నాటో ఛాంబర్లు బయటి నుంచి ఒకేలా కనిపిస్తాయి గాని 5.56లో గొంతు (ఛాంబర్ ముగిసి గాడులు మొదలయ్యే చోటు) ఎక్కువ పొడవుంటుంది; .223 అని మాత్రమే గుర్తు ఉన్న బ్యారెల్‌లో 5.56 తూటాలు పేలిస్తే పీడనం మితిమీరవచ్చు. .223 వైల్డ్ ఛాంబర్ రెండింటినీ తీసుకుంటుంది. ఏ గుర్తూ లేని బ్యారెల్‌ను, ఎంత చవకగా వచ్చినా, తీసుకోకండి.

మెలిక వేగాన్ని మీ గుండును బట్టి ఎంచుకోవాలి. 1879లో గ్రీన్‌హిల్ ఇచ్చిన లెక్క ఇప్పటికీ ఇంట్లో వేసుకోవడానికి సరిపోతుంది: గుండు వ్యాసాన్ని దానితోనే గుణించి, 150తో గుణించి, గుండు పొడవుతో భాగిస్తే, ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు కావాలో వస్తుంది. 0.224 అంగుళాల వ్యాసంతో, దాదాపు అంగుళం పొడవుండే 77 గ్రెయిన్ల (గుండు బరువుకు వాడే కొలత) గుండుకు ఏడున్నర వస్తుంది. ముప్పావు అంగుళం పొడవుండే 55 గ్రెయిన్ల గుండుకు పది. ఈ లెక్క కొంచెం జాగ్రత్తగా చెప్పేది కనుక 1:8 మెలిక, అంటే ఎనిమిది అంగుళాలకు ఒక చుట్టు, ఈ రెండింటికీ నప్పుతుంది. ఎం-16 రైఫిల్ మొదట 1:14తో మొదలై, 1:12కు మారి, బరువైన గుండు వచ్చాక ఎం-16ఏ2లో 1:7కు చేరింది. చెక్కిన అంకె నిజమో కాదో తేల్చుకోవడం తేలిక. తిరిగే పిడి ఉన్న శుభ్రపరిచే కడ్డీకి బిగుతైన గుడ్డ ముక్క తొడిగి బోరులోకి (గొట్టం లోపలి రంధ్రంలోకి) నెట్టి, కడ్డీ మీద పెన్నుతో ఒక గీత పెట్టండి. అది పూర్తిగా ఒక చుట్టు తిరిగేంతవరకు నెట్టి, ఎంత లోపలికి వెళ్లిందో స్కేలుతో కొలవండి. మూడుసార్లు కొలిచి సగటు తీసుకోండి.

కంటికి, చేతికి అందే పరీక్షలు

రైఫిల్ ఖాళీగా ఉందని ముందు రూఢి చేసుకుని, బ్యారెల్ ఇంకా బిగించకుండా ఉండగానే ఈ పనులు చేయాలి. తుప్పు పట్టకుండా పూసిన నూనెను గుడ్డతో తుడిచి, బోరు పూర్తిగా ఖాళీగా ఉందని చూడండి.

మూతి అంచు నుంచి మొదలుపెట్టండి. దీన్ని క్రౌన్ అంటారు. గుండు బ్యారెల్‌ను వదిలే చివరి క్షణంలో దాని వెనుక వాయువు చుట్టూ ఒకేసారి, సమంగా తప్పించుకోవాలి. అంచులో ఒక్కచోట బర్ (కోతలో మిగిలిన లోహపు ముల్లు) ఉన్నా వాయువు ఒక పక్క ముందుగా తన్నుకొచ్చి గుండును పక్కకు నెడుతుంది. చెవులు శుభ్రం చేసుకునే దూది పుల్లను అంచు మీద లోపలి నుంచి బయటికి, చుట్టూ ఎనిమిది చోట్ల మెల్లగా లాగండి. ఆరోగ్యంగా ఉన్న అంచు మీద దూది జారిపోతుంది. బర్ ఉన్నచోట ఒకటి రెండు పోగులు చిక్కుకుని, పుల్ల ముందుకు వెళ్లినా అవి అక్కడే సాగి నిలుస్తాయి. భూతద్దం కింద చూస్తే తెల్లని నూలు పోగు ఉక్కు అంచుకు వేలాడుతూ కనిపిస్తుంది. ఇది చవక బ్యారెళ్లలో నేను తరచుగా చూసిన లోపం. అదృష్టవశాత్తు, మరమ్మతు తేలికైన లోపం కూడా ఇదే. తుపాకీ మరమ్మతు చేసేవారు అరగంటలో అంచును తిరిగి కోసి ఇస్తారు. కొత్త సరుకుకు ఆ ఖర్చు మీరెందుకు పెట్టుకోవాలన్నది వేరే సంగతి.

మూతి మీద మరలు ఉంటే అవి బోరుతో ఏకకేంద్రంగా ఉన్నాయో చూడాలి. 5.56కు అర అంగుళం వ్యాసంలో అంగుళానికి 28 మరలు, అంతకంటే పెద్ద తూటా అయిన .308కు 5/8 అంగుళంలో 24 మరలు ఉంటాయి. మూతికి బిగించే బ్రేక్‌ను (వెనక్కి తన్నే దెబ్బను తగ్గించే ముక్క) చేత్తో తిప్పినప్పుడు చివరిదాకా సాఫీగా రావాలి, బిగించాక దాని రంధ్రం మధ్యలో బోరు చంద్రబింబంలా సరిగ్గా నడుమ కనిపించాలి. ఒక పక్క అంచు దగ్గరై, ఇంకొక పక్క దూరమైతే వద్దు.

తరువాత బ్యారెల్‌ను కిటికీ వెలుతురు వైపు పట్టి ఒక కన్నుతో లోపలికి చూడండి. తిన్నని బోరులో వెలుతురు వలయాలు ఒకదానిలో ఒకటి, అన్నీ ఒకే కేంద్రం చుట్టూ కనిపిస్తాయి. బ్యారెల్‌ను మెల్లగా తిప్పుతూ ఉంటే, వంకర ఉన్నచోట వలయాలు ఒక పక్కకు ఒరుగుతాయి. అనుభవం మీద అలవడే చూపు ఇది. మొదటిసారి చూసేవారు పక్కన ఒక మంచి బ్యారెల్‌ను పెట్టుకుని పోల్చి చూడడం మేలు.

బోర్‌స్కోప్ ఒకప్పుడు దుకాణాల వారికే అందే పరికరం. ఇప్పుడు టెస్లాంగ్ వంటివి వంద డాలర్ల లోపే దొరుకుతున్నాయి, కొనగలిగితే కొనండి. అయితే ఒక హెచ్చరిక: అంత పెద్దది చేసి చూపినప్పుడు ఏ బ్యారెల్ అయినా గుంతల రోడ్డులా కనిపిస్తుంది, దాన్ని చూసి కంగారు పడకూడదు. గాడులకూ, వాటి నడుమ లేచి ఉండే గట్లకూ పొడవునా సాగిన సన్నని గీతలు పెద్ద హాని చేయవు. అడ్డంగా, గట్ల తలల మీద దువ్వెన పళ్లలా కనిపించే గీతలు రీమర్ మిగిల్చినవి. బటన్ గాడులను నొక్కుతుంది గాని గట్ల తలల మీది గీతలను తుడిచెయ్యదు. చేత్తో రుద్దిన బ్యారెళ్లలోనే అవి పోతాయి. ప్రతి గుండూ దాటేటప్పుడు ఆ అడ్డగీతలు దాని రాగిని గీరుకుని దాచుకుంటాయి. కొద్దిగా ఉంటే సరిపెట్టుకోవచ్చు. వేలితో లెక్కపెట్టగలిగేంత లోతుగా, బోరు సగం మేర ఉంటే ఆ బ్యారెల్‌ను శుభ్రం చేయడంలోనే మీ ఆదివారాలు పోతాయి.

బోర్‌స్కోప్‌తో అన్నిటికంటే ఎక్కువసేపు చూడవలసిన చోటు గొంతు, అంటే ఛాంబర్ ముగిసి గాడులు మొదలయ్యే స్థలం. అక్కడ ప్రతి గట్టూ ఒకే దూరంలో, ఒకే ఏటవాలుతో మొదలవ్వాలి. మూడేళ్ల కిందట ఒక అమ్మకందారు నుంచి నేను తెప్పించిన ఏఆర్ బ్యారెల్ బయటికి అద్దంలా మెరిసింది, గుర్తులు శుభ్రంగా ఉన్నాయి, క్రౌన్ మీద దూది జారిపోయింది. గొంతులోకి కెమెరా పెట్టి తిప్పాను. ఒక పక్క గట్లు ఛాంబర్‌కు ఆనుకున్నంత దగ్గరగా నిటారుగా లేచాయి. సరిగ్గా ఎదుటి పక్క గట్లు పొడవుగా సాగి, అంతకు రెట్టింపు దూరం తరువాత ఎత్తు అందుకున్నాయి. రీమర్ బోరు కేంద్రంలో కాకుండా పక్కకు జరిగి కోసిందన్నమాట. అలాంటి గొంతులో గుండు ప్రతిసారీ ఒక భుజం ఒరిగి గాడుల్లోకి దిగుతుంది. ఇది ఏ మరమ్మతుకూ లొంగని లోపం. నాలుగు ఫొటోలు తీసి పంపాను. తూటా పేల్చలేదు కనుక మాట్లాడకుండా వేరేది పంపారు. అదే పరీక్షను కాల్చే మైదానం నుంచి వచ్చాక చేసి ఉంటే ఆ నూట ముప్పై డాలర్లు పోయినట్లే.

బోరు కొలత అంతటా సమంగా ఉందో లేదో చెప్పడానికి చేతికి మించిన పరికరం లేదు. బిగుతైన గుడ్డ ముక్కను కడ్డీతో ఛాంబర్ వైపు నుంచి మూతి వైపుకు ఒకే వేగంతో నెట్టండి. నిరోధం మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉండాలి, లేదా మూతి దగ్గర రవ్వంత బిగియాలి. మధ్యలో ఒక్కసారిగా వదులై మళ్లీ బిగిస్తే అక్కడ బోరు వెడల్పయింది. మూతి వైపు వదులవుతూ పోతే ఇంకా చెడ్డది. గాడులు నొక్కిన తరువాత బయటి ఉక్కును ఎక్కువగా తరిగి సన్నం చేసినప్పుడు ఇలా జరుగుతుంది. ఇంకా కచ్చితంగా తెలియాలంటే మెత్తని సీసపు గుండును నూనె రాసిన బోరులో నెట్టి, బయటికి వచ్చాక మైక్రోమీటర్‌తో కొలవండి. .223లో గాడుల వ్యాసం 0.224, .308లో 0.308 అంగుళాలు ఉండాలి. బ్యారెల్‌లో గాడులు అయిదైతే మామూలు మైక్రోమీటర్ తప్పు అంకె చూపుతుంది, ఎందుకంటే ఒక గాడికి ఎదురుగా గట్టు వస్తుంది. దానికి వి-ఆకారపు దవడ ఉన్నది కావాలి. సీసం ముట్టుకున్న చేతులు కడుక్కోవడం మరవకండి.

ఏఆర్ బ్యారెల్ అయితే గ్యాస్ రంధ్రాన్ని కూడా చూడాలి. బ్యారెల్ పక్కన ఉండే ఈ చిన్న రంధ్రం గుండా కొంత వాయువు వెనక్కి వెళ్లి రైఫిల్‌ను నడుపుతుంది. 16 అంగుళాల బ్యారెల్‌లో, మిడ్-లెంగ్త్ (మధ్యరకం పొడవు గ్యాస్ గొట్టం) పద్ధతిలో, అది 0.076 అంగుళాల ప్రాంతంలో ఉండడం పరిపాటి. చవక బ్యారెళ్లలో దీన్ని కావాలనే పెద్దది చేస్తారు. రైఫిల్ ఆగిపోతే కొన్నవారు ఫిర్యాదు చేస్తారు, భుజానికి దెబ్బ గట్టిగా తగిలితే చేయరు; అందుకని బలహీనమైన తూటాతో కూడా నడిచేలా రంధ్రం పెంచేస్తారు. ఫలితంగా బోల్టు కావలసినదానికంటే వేగంగా వెనక్కి కొట్టుకుని భాగాలు త్వరగా అరుగుతాయి. డ్రిల్ బిట్ నున్నని కాడను గేజ్‌లా వాడి రంధ్రాన్ని కొలవండి. బోరు లోపల ఆ రంధ్రం అంచు దగ్గర లేచిన బర్ ఉందేమో కూడా బోర్‌స్కోప్‌తో చూడండి. చిన్న బర్‌ను మొదటి పదుల గుండ్లే తుడిచేస్తాయి. లోపలికి మొనదేలిన పొర అయితే తిరిగి పంపండి.

హెడ్‌స్పేస్

ఈ ఒక్కటి కచ్చితత్వానికి కాదు, ప్రాణానికి సంబంధించినది. బోల్టు ముఖానికీ, ఛాంబర్‌లో తూటా భుజం (తొడుగు సన్నబడే వాలు) ఆనే చోటుకూ మధ్య దూరం ఇది. .223 రెమింగ్టన్‌కు గో గేజ్ 1.4636 అంగుళాలు, నో-గో 1.4666; .308కు 1.630, 1.634. రెండు గేజ్‌లూ కలిపి బ్యారెల్ ధరలో సగం కావచ్చు, అయినా కొనండి లేదా ఉన్నవారిని అడిగి తెచ్చుకోండి. మీరు వాడబోయే బోల్టుతోనే పరీక్షించాలి, ఎందుకంటే ఈ కొలత బ్యారెల్‌దీ కాదు బోల్టుదీ కాదు, ఆ జంటది. బోల్టు నుంచి ఎజెక్టర్, ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ తొడుగును లాగి బయటికి విసిరే భాగాలు) తీసేసి, ఛాంబర్ శుభ్రం చేసి, గో గేజ్ పెట్టి బోల్టును వేళ్లతో తిప్పండి: నిరోధం లేకుండా మూసుకోవాలి. నో-గో గేజ్ మీద మూసుకోకూడదు. స్ప్రింగు బలంతో బోల్టును గేజ్ మీదికి వదలకండి, గేజూ పాడవుతుంది, ఫలితమూ అబద్ధమవుతుంది. శావేజ్ తరహాలో గో గేజ్ మీద బోల్టు మూసి ఉంచి నట్టు బిగిస్తాం కనుక ఈ దూరం మీ చేతిలోనే ఉంటుంది. బిగించాక రెండు గేజ్‌లతో మళ్లీ చూడండి, బిగింపులో కొలత జరగడం మామూలే. ఏఆర్‌లో బ్యారెల్ తయారీదారే దీన్ని స్థిరపరచి పంపుతారు, కనుక తప్పుంటే మీరు సరిదిద్దలేరు. తప్పిన బ్యారెల్‌తో ఒక్క తూటా కూడా పేల్చకండి.

కాల్చి చూడడం

ఇక్కడిదాకా నెగ్గిన బ్యారెల్‌ను మైదానానికి తీసుకువెళ్లండి, కళ్లకూ చెవులకూ రక్షణతో. బస్తాల మీద ఆనించి వంద గజాల నుంచి కాల్చాలి. తూటా మంచిది కావాలి. ఫెడరల్ గోల్డ్ మెడల్ 69 లేదా 77 గ్రెయిన్ల వంటిది ఒక పెట్టె ఖరీదే అయినా, బ్యారెల్ ఎంత మేలైనదో తెలుసుకోవడానికి అవసరం. చౌక 55 గ్రెయిన్ల తూటాలతో రెండు మూడు అంగుళాలు చెదిరితే ఆ తప్పు బ్యారెల్‌ది కాకపోవచ్చు.

నాతో మైదానానికి వచ్చే ఒక కుర్రాడు నిరుడు ఫోనులో లక్ష్యం ఫొటో చూపించి, "అన్నా, మూడు గుండ్లు అర అంగుళంలో పడ్డాయి, వంద డాలర్ల బ్యారెల్ నాలుగు వందలదాన్ని కొట్టేసింది" అన్నాడు. అదే బస్తా మీద నుంచి, అదే తూటాతో ఇంకో ఏడు కాల్చమన్నాను. పది గుండ్లూ కలిపితే అంగుళంన్నర అయింది. మూడు గుండ్ల గుంపు ఏమీ రుజువు చేయదు. అన్నీ సమానంగా ఉన్నప్పుడు కూడా పది గుండ్ల గుంపు సగటున మూడు గుండ్ల గుంపుకు ఒకటిన్నర రెట్లకు పైనే ఉంటుంది, అది లెక్కల ధర్మం. అతని బ్యారెల్ చెడ్డదేమీ కాదు. ఆ ధరకు పది గుండ్లకు అంగుళంన్నర నేను సంతోషంగా ఒప్పుకుంటాను. రెండు దాటి, మంచి తూటాలు రెండు రకాలు మార్చినా తగ్గకపోతే అప్పుడు అనుమానించాలి.

ముందు చెప్పిన లోపలి ఒత్తిడిని పట్టుకునేది ఇలా. చల్లని బ్యారెల్‌తో నిమిషానికి ఒకటి చొప్పున పది గుండ్లు ఒక కాగితం మీద కాల్చండి. వెంటనే, ఆగకుండా, పదింటిని రెండవ కాగితం మీద కాల్చండి. రెండు కాగితాలనూ గురి చుక్కలు కలిసేలా ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు ఎత్తి చూడండి. గుంపు కొంచెం పెద్దదైతే ఫరవాలేదు. గుంపు మొత్తంగా ఒక దిక్కుకు అంగుళానికి మించి జరిగితే బ్యారెల్ వేడికి వంగుతోంది. టెక్సస్ ఎండాకాలంలో ఈ పరీక్షకు ఉదయం ఏడింటికే వెళ్లాలి, మధ్యాహ్నమైతే చల్లని బ్యారెల్ అన్న మాటే ఉండదు. అయితే బ్యారెల్ మీద తీర్పు చెప్పే ముందు స్కోప్ మౌంటు స్క్రూలు, బ్యారెల్ నట్టు, గొట్టానికి ఎక్కడైనా చెక్క గాని చేతిపట్టు గాని తగులుతోందా అన్నది చూడండి. బ్యారెల్ మీద వేసిన నిందల్లో మంచి భాగం చివరికి వదులైన స్కోప్ స్క్రూ దగ్గర తేలుతుంది.

పేలిన తూటాల ఖాళీ తొడుగులను పారేయకండి. ఒక తొడుగును గాజు పలక మీద దొర్లించండి, తడబడకుండా దొర్లాలి. పొడవునా గీతలు పడి ఉంటే ఛాంబర్ గోడ గరుకుగా ఉంది. నడుమ చుట్టూ ఉబ్బు ఉంటే ఛాంబర్ కోత సరిగా లేదు. ఏఆర్‌లో తొడుగులు ముందుకు, గడియారం మీద ఒంటిగంట దిక్కుకు ఎగిరిపడుతుంటే గ్యాస్ ఎక్కువవుతోందని అర్థం. మూడు, నాలుగు గంటల దిక్కు బాగు.

ఇంటికి వచ్చాక రాగిని కరిగించే ద్రావకంతో గుడ్డ ముక్క తడిపి నడిపి, అయిదు నిమిషాలాగి పొడి గుడ్డతో తుడవండి. నీలం రంగు వస్తుంది, అది రాగి. ఇరవై గుండ్ల తరువాత మూడు నాలుగు గుడ్డలతో నీలం పోతే బోరు బాగుంది. పది గుడ్డల తరువాత కూడా నెమలి కంఠం రంగులో వస్తుంటే లోపల గరుకు ఉంది. కొత్త బ్యారెల్‌లో మొదటి వంద గుండ్లలో ఇది కొంత తగ్గవచ్చు కనుక అంతవరకు ఓపిక పట్టి, మళ్లీ అదే పరీక్ష చేసి పోల్చండి.

బ్యారెల్ తిరిగి పంపవలసి వస్తే కోపంగా రాయకండి, కొలతలతో రాయండి. "గుంపు బాగా రావడం లేదు" అన్న ఉత్తరానికి "వేరే తూటా వాడి చూడండి" అన్న జవాబే వస్తుంది. ఏ గేజ్‌తో, ఏ బోల్టుతో, ఎంత వచ్చింది, గొంతు ఫొటోలో గట్లు ఏ పక్క ముందుగా మొదలయ్యాయి, పది గుండ్ల గుంపులు రెండూ ఎక్కడ పడ్డాయి అన్నవి తేదీతో సహా ఒక నోటుబుక్కులో మొదటి రోజు నుంచి రాసుకుని ఉంటే ఉత్తరం రాయడం పది నిమిషాల పని. బ్యారెల్ మంచిదై మీ దగ్గరే ఉండిపోయినా, ఆ పుస్తకంలోనే పేల్చిన తూటాల లెక్క కొనసాగించండి. గొంతు అరగడం ఎప్పుడు మొదలైందో, ఈసారి మళ్లీ బ్యారెల్ ఎప్పుడు కొనాలో చెప్పేది ఆ లెక్కే.